డిప్లాయ్ మధ్యల కరెంటు పోతే ఏది నిలబడ్తది: రీమిక్స్, హార్డ్‌హ్యాట్, ఫౌండ్రీ, ఏప్

పోయిన ఎండకాలం, నల్గొండల మా ఇంటి మీది రూముల కూసొని నాలుగు స్మార్ట్ కాంట్రాక్టులు (బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రాములు) సెపోలియా మీదికి, అంటే ఈథీరియం టెస్ట్‌నెట్ మీదికి, ఎక్కిస్తున్న. ఈ ఎక్కించుడునే డిప్లాయ్ అంటరు, పైన పేర్లు చెప్పిన నాలుగూ ఆ పనికి వాడే టూల్స్. మన గల్లీలల్ల నడిచే చిట్టీనే సొలిడిటీల (కాంట్రాక్టులు రాసే భాష) రాసిన, నేర్చుకునేటందుకే. సభ్యుల లిస్టుకు ఒక కాంట్రాక్టు, టోకెన్‌కు ఒకటి, నెలనెలా పాట పాడేటందుకు ఒకటి, పైసలు దాచే ఖజానా ఒకటి. (అసలు చిట్టీ నడపాలంటే 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలె, ఇది ఉత్త టెస్ట్ పైసలతో ఆట, నాకు ఎవరూ ఫోన్ చేసి చిట్టీ ఎంతది అని అడగకుండ్రి.) మూడోది పోయింది, నాలుగోది పోతుంది అనంగ కరెంటు పోయింది, దాంతోపాటే వైఫై. లాప్‌టాప్ నడుస్తనే ఉంది కానీ స్క్రిప్టు ఎర్రగ ఏదో ఎర్రర్ కొట్టి ఆగింది.

కరెంటు వచ్చినాక ఏం చేసిన? అదే స్క్రిప్టు మళ్లీ కొట్టిన. నాలుగూ పోయినయి, నాలుగు అడ్రసులు వచ్చినయి, మంచిగ పన్న. పొద్దున లేచి పాటల ఒక సభ్యుడిని దింపుదామని చూస్తే "సభ్యుడు కాదు" అని రివర్ట్, అంటే ట్రాన్సాక్షన్ రద్దు. గంటన్నర కోడ్ చూసుకుంట కూసున్న, కోడ్‌ల తప్పే లేదు. ఆఖరికి ఈథర్‌స్కాన్‌ల (చెయిన్ మీద ఏముందో చూపెట్టే సైట్) నా వాలెట్ తెరిచి చూస్తే సభ్యుల లిస్టులు రెండు, టోకెన్లు రెండు, పాటలు రెండు. నేను ముందే కాపీ చేసి ఫ్రంటెండ్‌ల పెట్టుకున్న అడ్రసు పాత లిస్టుది, పాట కాంట్రాక్టేమో కొత్త లిస్టును చూస్తుంది. సభ్యులందరూ ఒక ఊర్ల, పాట ఇంకో ఊర్ల అన్నట్టు అయింది.

అప్పటి నుంచి ఎవరన్నా "అన్నా, హార్డ్‌హ్యాట్ నేర్చుకోవాల్నా ఫౌండ్రీ నేర్చుకోవాల్నా" అని అడిగితే నేను తిరిగి అడిగేది ఒకటే, మధ్యల ఆగిపోతే ఎక్కడిదాకా అయిందో నీ టూల్‌కు యాదికుంటదా అని. యూట్యూబ్‌ల అందరూ స్పీడు గురించి కొట్లాడుకుంటరు, టెస్టులు ఎన్ని సెకన్లల్ల అయినయి అని. మన చిన్న ప్రాజెక్టులల్ల ఆ తేడా చాయ్ తాగేంత కూడా ఉండదు.

## ముందు ఏం చూడాలె

నేను చూసేటివి ఇవీ, నాకు ముఖ్యమైన వరుసల్నే చెప్తున్న.

మొదటిది, పైన చెప్పిందే, ఆగినకాడి నుంచి మళ్లీ మొదలువెడ్తదా లేక మొత్తం మొదటి నుంచి చేస్తదా. బ్లాక్‌చెయిన్‌ల అన్‌డూ లేదు, ఒకసారి ఎక్కిన కాంట్రాక్టు ఎక్కినట్టే, అందుకే ఇది మామూలు వెబ్‌సైట్ డిప్లాయ్ లెక్క కాదు. వెబ్‌సైట్ అయితే పది సార్లు ఎక్కించినా పాతదాని మీద కొత్తది కూసుంటది, ఇక్కడ పది సార్లు ఎక్కిస్తే పది వేరే వేరే అడ్రసులు, పది సార్ల గ్యాస్ (ట్రాన్సాక్షన్ ఫీజు) ఖర్చు.

రెండోది రికార్డు. ఏ నెట్‌వర్క్‌ల ఏ కాంట్రాక్టు ఏ అడ్రసుల ఉంది, ఏ ఇన్‌పుట్లతోని డిప్లాయ్ చేసినం, ఈ లెక్క టూల్ తానే రాసి పెడ్తదా, లేకుంటే మనం నోట్‌ప్యాడ్‌ల పెట్టుకోవాల్నా. పొలానికి పాసుబుక్కు ఎట్లనో కాంట్రాక్టుకు ఈ ఫైలు అట్ల, మీరు ఆ పని వదిలి పోయినాక వచ్చేటోడు ముందుగాల దాన్నే చూస్తడు.

మూడోది ప్రైవేట్ కీ (వాలెట్ తాళంచెవి) ఎక్కడ పెడుతున్నం అన్నది. నాలుగోది మన దగ్గర ఉన్న మిషన్: 8 జీబీ ర్యామ్, విండోస్, మొబైల్ హాట్‌స్పాట్. ఐదోది మీకు ఏ భాష వచ్చు, జావాస్క్రిప్ట్‌నా, పైథాన్‌నా, సొలిడిటీ తప్ప ఇంకోటి ముట్టనంటరా. ఇగ ఆఖరుది, ఆ టూల్ బతికే ఉందా? నవ్వకుండ్రి, ఈ ఫీల్డ్‌ల టూల్స్ నిజంగనే సచ్చిపోతయి, దాంతోనే మొదలువెడ్త.

## ట్రఫుల్: దండం పెట్టి పక్కకు జరుగుండ్రి

ఒకప్పుడు అందరూ వాడిన డిప్లాయ్ టూల్ ట్రఫుల్, దాని లోకల్ టెస్ట్ చెయిన్ గనాష్, ఈ రెండింటినీ ఆపేస్తున్నమని వాటిని నడిపే కన్సెన్సిస్ కంపెనీ వాళ్లు 2023 సెప్టెంబర్‌ల చెప్పిన్రు, అదే ఏడు డిసెంబర్‌ల రిపోజిటరీలు ఆర్కైవ్ చేసిన్రు. అయినా ఇయ్యాల్టికి కూడా బీటెక్ ఫైనల్ ఇయర్ పోరగాళ్లు ప్రాజెక్టు సెంటర్ల నుంచి కొనుక్కొచ్చే కోడ్‌ల ట్రఫుల్ ఉంటది, పక్కన గనాష్ స్క్రీన్‌షాట్లు, టెస్ట్‌నెట్ పేరు చూస్తే రాప్‌స్టెన్, అది 2022 లనే మూసేసిన్రు. ఆ కోడ్‌ను నడిపిద్దామని రెండు రాత్రులు కూసునే బదులు కాంట్రాక్టు ఫైళ్లు మాత్రం తీసుకొని కొత్త టూల్‌ల పెట్టుకోండ్రి.

కానీ ఒక మాట ఒప్పుకోవాలె. ఆగినకాడ యాదికుంచుకునే తెలివి ట్రఫుల్‌కు ఎప్పుడో ఉండె. మైగ్రేషన్స్ అని ఒక చిన్న కాంట్రాక్టును అదే చెయిన్ మీద ఎక్కించి, ఎన్నో నంబర్ స్క్రిప్టు దాకా అయిందో దాంట్ల రాసుకునేది, మళ్లా కొడితే తర్వాతి నంబర్ నుంచి మొదలు. ఆ ఆలోచన మంచిదే, టూల్ పోయింది అంతే.

## రీమిక్స్

బ్రౌజర్‌ల తెరిస్తే అయిపాయె, ఇన్‌స్టాల్ లేదు, నోడ్ జేఎస్ లేదు, టెర్మినల్ లేదు. ఎడమ పక్క కంపైల్, డిప్లాయ్ బటన్లు, కాంట్రాక్టు ఎక్కినాక దాని ఫంక్షన్లన్నీ బటన్ల లెక్క కనవడ్తయి, నొక్కితే నడుస్తది. మొట్టమొదటిసారి సొలిడిటీ చూసేటోళ్లకు దీనికంటే మంచిది లేదు. రీమిక్స్ వీఎం అని బ్రౌజర్‌లనే ఒక ఉత్తుత్తి చెయిన్ ఉంటది, సెపోలియాకు పోవాలంటే మెటామాస్క్ (బ్రౌజర్ వాలెట్) కలిపితే సరి. ప్రైవేట్ కీ ఎక్కడా టైప్ చేసే పని లేదు, సంతకం మెటామాస్క్‌లనే, ఈ ఒక్క విషయంల రీమిక్స్ మిగతావాటికంటే భద్రం అంటా నేను.

కష్టం ఎక్కడ వస్తదంటే, మీ ఫైళ్లు బ్రౌజర్ స్టోరేజ్‌ల ఉంటయి. ఇంటర్నెట్ సెంటర్‌ల, కాలేజ్ ల్యాబ్‌ల కూసొని రాసి ఇంటికి పోతే తెల్లారి ఆ సిస్టం ఫార్మాట్ కొట్టినోడు మీ కోడ్‌కు కూడా కొట్టినట్టే. మా దోస్తు చెల్లె ఒకామె ల్యాబ్ ఎగ్జామ్ ముందు రోజు బ్రౌజర్ హిస్టరీ క్లియర్ చేసుకుంది, సైట్ డేటా టిక్ కూడా ఉంది దాంట్ల, ఇగ చెప్పేదేముంది. గిట్‌కు పంపుకోండ్రి, లేకపోతే మీ సొంత ఫోల్డర్‌ల ఒక కాపీ దాచుకోండ్రి. డిప్లాయ్ చేసిన కాంట్రాక్టుల లిస్టు కూడా పిన్ చేసుకోకపోతే పేజీ రిఫ్రెష్ కొట్టంగనే మాయం, కాంట్రాక్టు చెయిన్ మీద ఉంటది కానీ మీ కండ్ల ముందు ఉండదు.

ఒక కాంట్రాక్టు, ఒక మనిషి, ఒక డెమో. అక్కడిదాకా రీమిక్స్. నా చిట్టీ లెక్క ఒకదాని అడ్రసు ఇంకోదానికి ఇచ్చే నాలుగు కాంట్రాక్టులు అయితే చేత్తోటి కాపీ పేస్ట్ చేసుకుంట పోవాలె, చేత్తోటి చేసేకాడ తప్పు పోకుండ ఉండదు.

## హార్డ్‌హ్యాట్, ముఖ్యంగ దాంట్ల ఇగ్నిషన్

హార్డ్‌హ్యాట్ మొదట్ల బిల్డర్ అనే పేరుతోని ఉండె, 2020 ల పేరు మార్చిన్రు, నడిపేది నోమిక్ ఫౌండేషన్. జావాస్క్రిప్ట్, టైప్‌స్క్రిప్ట్ వచ్చినోళ్లకు ఇది పుట్టింటి లెక్క. సొలిడిటీ కోడ్ లోపల కన్సోల్ లాగ్ పెట్టుకొని విలువలు చూసుకునే సౌకర్యాన్ని అందరికీ అలవాటు చేసింది ఇదే.

అయితే "హార్డ్‌హ్యాట్‌తోని డిప్లాయ్" అంటే మూడు వేరే పద్ధతులున్నయి, చానా మంది ఇక్కడనే తికమక పడ్తరు. ఒకటి, ఈథర్స్ లైబ్రరీతోని మనమే స్క్రిప్టు రాసుకునుడు. నా కరెంటు ముచ్చటల ఉన్నది ఇదే, దీనికి ఏదీ యాదికుండదు, రికార్డూ ఉండదు, కన్సోల్‌ల అడ్రసు ప్రింట్ చేసి పోతది. తప్పు హార్డ్‌హ్యాట్‌ది కాదు, నాది.

రెండోది హార్డ్‌హ్యాట్ డిప్లాయ్ అనే ప్లగిన్, ఇది బయట కమ్యూనిటీల పుట్టింది. నెట్‌వర్క్ పేరుతోని ఫోల్డర్ చేసి ఒక్కో కాంట్రాక్టుకు ఒక్కో జేసన్ ఫైల్ రాసి పెడ్తది, కోడ్ మారకపోతే మళ్లీ డిప్లాయ్ చెయ్యది. పాత ప్రాజెక్టులల్ల ఇదే ఎక్కువ కనవడ్తది, ఉద్యోగంల చేరినాక ఇది ఎదురైతే భయపడకుండ్రి, మంచి టూలే.

మూడోది ఇగ్నిషన్, నోమిక్ వాళ్లదే. దీంట్ల "ఇది చెయ్, తర్వాత అది చెయ్" అని రాయం, "నాకు ఇవీ ఇవీ కావాలె, పాటకు లిస్టు అడ్రసు, టోకెన్ అడ్రసు కావాలె" అని మాడ్యూల్‌ల రాసి పెడ్తం. వరుస అది చూసుకుంటది. నా చిట్టీల లిస్టుకు టోకెన్‌కు సంబంధం లేదు కాబట్టి ఆ రెండూ ఒకే దెబ్బకు పంపుతది, అవి ఎక్కినాక పాట, పాట ఎక్కినాక ఖజానా. ప్రతి అడుగుకూ జర్నల్ అనే ఫైల్‌ల ఒక లైన్ రాసుకుంట పోతది: ఈ ట్రాన్సాక్షన్ పంపిన, ఈ నాన్స్‌తోని (వాలెట్ ట్రాన్సాక్షన్ల వరుస నంబర్) పంపిన, కన్ఫర్మ్ అయింది. మధ్యల కరెంటు పోతే మళ్లీ అదే కమాండ్ కొట్టుడే, జర్నల్ చదువుకొని మిగిలిందే చేస్తది. ట్రాన్సాక్షన్ ఎటూ పోకుండ ఇరుక్కుంటే కొన్ని నిమిషాలు చూసి ఫీజు తానే పెంచి మళ్లీ పంపుతది. మామూలుగ ఐదు కన్ఫర్మేషన్లు, అంటే ఐదు బ్లాకులు, ఆగుతది, సెపోలియాల బ్లాకుకు 12 సెకన్లు కాబట్టి ఒక్కో విడతకు నిమిషం అట్ల పడ్తది, హ్యాంగ్ అయింది అనుకొని కంట్రోల్ సీ కొట్టకుండ్రి, కొట్టినా ఏం కాదనుకోండ్రి, అదే కదా దీని గొప్ప.

తలనొప్పులు లేవా అంటే ఉన్నయి. డిప్లాయ్ అయినాక మాడ్యూల్‌ల పాత కాంట్రాక్టు ఇన్‌పుట్ మారిస్తే "నా రికార్డుకు నీ కోడ్‌కు కుదుర్తలేదు" అని ఆగిపోతది, కొత్తోళ్లు దీనికి చిరాకు పడి ఫోల్డర్ మొత్తం డిలీట్ చేస్తరు. అది పాసుబుక్కు చింపుకున్నట్టు. ఆ ఒక్క ఎంట్రీనే తుడిచేటందుకు వైప్ కమాండ్ ఉంది, అది వాడాలె. ఇంకోటి, లోకల్ నోడ్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఆ చెయిన్ ఖాళీ, కానీ 31337 (లోకల్ చెయిన్ నంబర్) పేరుతోని ఉన్న పాత రికార్డు ఫోల్డర్ అట్లనే ఉంటది, అప్పుడు రీసెట్ పెట్టి కొట్టాలె. లోకల్‌ల ఫోల్డర్ తీసేసినా నష్టం లేదు, సెపోలియా ఫోల్డర్ మాత్రం ముట్టద్దు, గిట్‌ల పెట్టుకోవాలె.

హార్డ్‌హ్యాట్ 3 వచ్చినాక సొలిడిటీలనే టెస్టులు రాసుకోవచ్చు, ప్రైవేట్ కీకి పాస్‌వర్డ్‌తోని ఎన్‌క్రిప్ట్ అయ్యే కీస్టోర్ వచ్చింది, వెర్షన్ 2 ల ఉన్న వేరియబుల్స్ కమాండ్ కీని ప్రాజెక్టు ఫోల్డర్ బయట పెడ్తది తప్ప ఎన్‌క్రిప్ట్ చెయ్యది. 3 కు నోడ్ జేఎస్ 22 కావాలె, కాన్ఫిగ్ రాసే తీరు కూడా మారింది, అందుకే 2 కోసం చేసిన వీడియో చూసుకుంట 3 ఇన్‌స్టాల్ చేసుకుంటే మొదటి పది నిమిషాలల్లనే గోడకు తాకుతరు. వీడియో చూసే ముందు వెర్షన్ చూడుండ్రి.

ఇంకో జాగ్రత్త. ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీల గోదాం) ప్రపంచంల నకిలీ ప్యాకేజీలు ఎక్కువ, 2025 మొదట్ల హార్డ్‌హ్యాట్ ప్లగిన్ల పేర్లను పోలిన పేర్లతోని కీలు దొంగిలించే ప్యాకేజీలు బయటపడ్డయి. పేరు టైప్ చెయ్యకుండ్రి, అసలు డాక్యుమెంటేషన్ నుంచే కాపీ చేసుకోండ్రి.

## ఫౌండ్రీ

పారడైమ్ అనే క్రిప్టో పెట్టుబడుల కంపెనీ వాళ్లు మొదలువెట్టిన్రు, రస్ట్ భాషల రాసింది, అంతకుముందున్న డ్యాప్‌టూల్స్ అనే టూల్ దారిల వచ్చింది, 2025 ఫిబ్రవరిల 1.0 అయింది. నాలుగు పనిముట్లు వస్తయి: కంపైల్, టెస్ట్, డిప్లాయ్‌కు ఫోర్జ్, చెయిన్‌తోని మాట్లాడేటందుకు క్యాస్ట్, లోకల్ చెయిన్‌కు యాన్విల్, సొలిడిటీ ముక్కలు అక్కడికక్కడ చూసుకునేటందుకు చిజెల్. నోడ్ మాడ్యూల్స్ అనే కొండ లేదు, నా పాత లాప్‌టాప్‌ల కూడా పరుగెడ్తది. టెస్టులు, డిప్లాయ్ స్క్రిప్టులు అన్నీ సొలిడిటీలనే. ఫజ్ టెస్టింగ్ అయితే పుట్టుకతోనే ఉంది, ఒక ఫంక్షన్‌కు ఇన్‌పుట్ ఇయ్యి అంటే డిఫాల్ట్‌గ 256 రకాల విలువలు విసిరి చూస్తది, పాటల సున్నా రూపాయలకు పాడితే ఏమైతదో నాకు చూపెట్టింది ఇదే, నేనైతే ఆ కేసు జన్మల రాసేటోణ్ని కాదు.

డిప్లాయ్ కాడికి వస్తే ఫోర్జ్ స్క్రిప్ట్ ముందు మొత్తం ఉత్తుత్తిగ నడిపి గ్యాస్ లెక్క చెప్తది, బ్రాడ్‌కాస్ట్ అని పెడితేనే నిజంగ పంపుతది. మొదటిసారి వాడినోళ్లు బ్రాడ్‌కాస్ట్ మరిచిపోయి "అయింది" అనుకొని ఈథర్‌స్కాన్‌ల వెతుకుతరు, నేనూ వెతికిన. పంపినవన్నీ బ్రాడ్‌కాస్ట్ ఫోల్డర్‌ల చెయిన్ నంబర్ వారీగ జేసన్ ఫైళ్లల్ల ఉంటయి. మధ్యల ఆగితే రెజ్యూమ్ అని పెట్టి కొట్టాలె, ఆగిపోయిన ట్రాన్సాక్షన్లు అక్కడి నుంచి పంపుతది.

కానీ ఇక్కడ తేడా పట్టుకోండ్రి. ఇగ్నిషన్‌ల అదే కమాండ్ మళ్లీ కొడితే "ఇవి అయిపోయినయి" అంటది. ఫౌండ్రీల రెజ్యూమ్ మరిచిపోయి అదే కమాండ్ కొడితే మొదటి నుంచి కొత్తవి ఎక్కిస్తది, ఎందుకంటే అది మీ స్క్రిప్టు, మీరు ఏం రాస్తే అదే చేస్తది. రాత్రి పదకొండున్నరకు నిద్రమత్తుల రెజ్యూమ్ యాదికి వస్తదని నేనైతే నా మీద నమ్మకం పెట్టుకోను. తెలిసినోళ్లు స్క్రిప్టు మొదట్లనే ఆ అడ్రసుల కోడ్ ఉందా అని చెక్ పెట్టుకుంటరు, లేకుంటే క్రియేట్2 అనే డిప్లాయ్ పద్ధతి వాడి అడ్రసు ముందే లెక్క కట్టుకుంటరు, అప్పుడు రెండోసారి కొట్టినా అదే అడ్రసు కాబట్టి ఫెయిల్ అయితది తప్ప డబుల్ కాదు. ఎక్కువ ట్రాన్సాక్షన్లు ఉంటే స్లో అనే ఆప్షన్ పెట్టుకోండ్రి, ఒకటి కన్ఫర్మ్ అయినాకనే రెండోది పంపుతది, మన హాట్‌స్పాట్ నెట్‌కు అది మంచిది.

కీ కోసం క్యాస్ట్ వాలెట్ ఇంపోర్ట్ ఉంది, పాస్‌వర్డ్‌తోని ఎన్‌క్రిప్ట్ చేసి దాస్తది. దయచేసి కీని కమాండ్‌లనే టైప్ చెయ్యకుండ్రి, టెర్మినల్ హిస్టరీల అట్లనే ఉంటది, పైకి బాణం నొక్కితే పక్కోడికి కూడా కనవడ్తది. విండోస్‌ల వాడాలంటే గిట్ బ్యాష్ గానీ డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపల నడిచే లినక్స్) గానీ కావాలె, 8 జీబీ మిషన్‌ల డబ్ల్యూఎస్ఎల్, క్రోమ్, వీఎస్ కోడ్ మూడూ తెరిస్తే ఫ్యాన్ సౌండుకు ఇంట్లోళ్లు లేస్తరు.

డిప్లాయ్ అయినాక చూసుకునేటందుకు మాత్రం క్యాస్ట్‌ను మించింది నాకు ఇంకా దొరకలే. ఓనర్ ఎవరు, బ్యాలెన్స్ ఎంత, ఈ అడ్రసుల అసలు కోడ్ ఉందా లేదా, ఒక్క లైన్. హార్డ్‌హ్యాట్ వాడేటోళ్లు కూడా ఫౌండ్రీ ఇన్‌స్టాల్ చేసుకొని క్యాస్ట్ ఒక్కటే వాడుకోవచ్చు, ఏం పాపం లేదు.

## ఏప్

పైథాన్ తప్ప ఇంకోటి వద్దు అనేటోళ్లకు. ఇంతకుముందు ఈ పనికి బ్రౌనీ అనే టూల్ ఉండె, తర్వాత దాని పేజీలనే ఏప్ దిక్కు పొమ్మని రాసిన్రు. డేటా సైన్స్ నుంచి వచ్చినోళ్లు, వైపర్ భాషల కాంట్రాక్టు రాద్దామనుకునేటోళ్లు చూడొచ్చు. పట్నంల ఉద్యోగం కోసమైతే దీంతోనే మొదలువెట్టకుండ్రి, నా దగ్గరికి వచ్చే ఉద్యోగ ప్రకటనలల్ల దాని పేరు అరుదు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| చూసేది | రీమిక్స్ | హార్డ్‌హ్యాట్ ఇగ్నిషన్ | ఫౌండ్రీ | ఏప్ |
|---|---|---|---|---|
| మధ్యల ఆగితే | చేత్తోటి చూసుకోవాలె | అదే కమాండ్ కొడితే మిగిలిందే చేస్తది | రెజ్యూమ్ పెడితేనే | స్క్రిప్టుల మనమే రాసుకోవాలె |
| రికార్డు | పిన్ చేస్తే బ్రౌజర్‌ల | జర్నల్, అడ్రసుల ఫైల్ | బ్రాడ్‌కాస్ట్ ఫోల్డర్ | ఉంటది, కానీ తక్కువ |
| కీ | మెటామాస్క్ | వెర్షన్ 3 ల కీస్టోర్ | కీస్టోర్ | కీస్టోర్ |
| భాష | సొలిడిటీ చాలు | టైప్‌స్క్రిప్ట్ | సొలిడిటీ | పైథాన్ |
| పాత విండోస్ మిషన్ | బ్రౌజర్ ఉంటే చాలు | నడుస్తది, డిస్క్ తింటది | డబ్ల్యూఎస్ఎల్ లేదా గిట్ బ్యాష్ | డబ్ల్యూఎస్ఎల్ అయితే నయం |

అన్నీ ఓపెన్ సోర్సే, పైసా లేదు, కాబట్టి ధర గడి పెట్టలే. ఖర్చయ్యేది గ్యాస్, టెస్ట్‌నెట్‌ల అయితే అదీ లేదు, కానీ సెపోలియా ఈథర్ ఉత్తగ ఇచ్చే ఫాసెట్ సైట్లు కొన్ని మీ మెయిన్‌నెట్ (అసలు చెయిన్) వాలెట్‌ల కొంచెం నిజమైన ఈథర్ ఉంటేనే ఇస్తయి, అట్ల లేనోళ్లు గూగుల్ క్లౌడ్ ఫాసెట్ గానీ, బ్రౌజర్‌ల మైనింగ్ చేయించి ఇచ్చే ఫాసెట్ గానీ చూసుకోండ్రి.

## ఎక్కించినాక అసలు పని

డిప్లాయ్ ఒక రోజు పని, దాన్ని చూసుకునుడు ఏండ్ల పని. తప్పు దొరికితే సరిదిద్దుకునేటట్టు ఉండాలె అంటే ప్రాక్సీ పద్ధతి వాడాలె, అడ్రసు అదే ఉంటది, వెనక కోడ్ మారుతది. దీనికి ఓపెన్‌జెప్లిన్ అప్‌గ్రేడ్స్ ప్లగిన్ హార్డ్‌హ్యాట్‌కూ ఉంది ఫౌండ్రీకీ ఉంది, కానీ రెండూ ఒక తీరుగ నడువయి. హార్డ్‌హ్యాట్‌ది ప్రాజెక్టుల ఒక దాపుడు ఫోల్డర్ చేసి పాత వెర్షన్ల స్టోరేజ్ లెక్క రాసుకుంటది, కొత్త కోడ్‌ల వేరియబుల్స్ వరుస మారితే ఆపేస్తది. ఆ ఫోల్డర్‌ను గిట్‌ల పెట్టకపోతే ఆ కాపలా పోతది. ఫౌండ్రీదాంట్ల అట్లాంటి ఫైల్ ఉండదు, ఏ పాత కాంట్రాక్టుతోని పోల్చాల్నో కోడ్‌ల కామెంట్ లెక్క మనమే రాయాలె. ఒక్కడే చేసే పనైతే తేడా తెల్వది, ముగ్గురు చేతులు పెట్టే పనైతే నాకు మొదటిదే నయం అనిపిస్తది.

ప్రాక్సీ వాడితే, ఓనర్ ఎవరో మొదట్ల రాసే ఇనిషియలైజ్ ఫంక్షన్ మరిచిపోవద్దు. 2017 నవంబర్‌ల ప్యారిటీ మల్టీసిగ్ వాలెట్ల (ఒకరికంటే ఎక్కువ మంది సంతకాలు కావాల్సినవి) లైబ్రరీ కాంట్రాక్టును ఇనిషియలైజ్ చెయ్యకుండ వదిలేసి ఉండె, ఎవరో ఒకాయన ఆ ఫంక్షన్‌ను పిలిచి ఓనర్ అయ్యి, కిల్ కొట్టి దాన్ని చెరిపేసిండు, దాని మీద ఆధారపడ్డ వాలెట్లల్ల 5 లక్షల 13 వేలకు పైగ ఈథర్ ఇప్పటికీ ఇరుక్కొని ఉంది. డిప్లాయ్ ఒక ట్రాన్సాక్షన్, ఇనిషియలైజ్ ఇంకో ట్రాన్సాక్షన్ అని విడివిడిగ పెడితే ఆ రెండింటి మధ్యల కరెంటు పోయిందనుకోండ్రి, మీ కాంట్రాక్టుకు ఎవడైనా ఓనర్ కావచ్చు. రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌ల పోయేటట్టు ప్రాక్సీ కన్‌స్ట్రక్టర్‌కే ఆ డేటా ఇయ్యాలె, పై ప్లగిన్లు మామూలుగ అట్లనే చేస్తయి, చేత్తోటి రాసుకున్నోళ్లే పడిపోయేది.

ఓనర్‌షిప్ ఒక్కరి వాలెట్‌ల ఉంచకుండ సేఫ్ మల్టీసిగ్‌కు ఇచ్చుడు, ఈథర్‌స్కాన్‌లనో సోర్సిఫైలనో సోర్స్ కోడ్ వెరిఫై చేసుడు, ఇవి ఏ టూల్ వాడినా తప్పవు.

## ఎవరికి ఏది

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు, వచ్చే నెల సబ్మిషన్, ఇప్పటిదాకా ఏం మొదలువెట్టలే అంటే రీమిక్స్, మెటామాస్క్, సెపోలియా, అంతే. కోడ్ మాత్రం గిట్‌ల పెట్టుకో తమ్ముడు. వైవాల "ట్రఫుల్ ఎందుకు వాడలే" అని సార్ అడిగితే 2023 ల ఆపేసిన్రు సార్ అని చెప్పు, మార్కులు కూడా పెరుగుతయి కావొచ్చు.

మహబూబ్‌నగర్ దిక్కు నుంచి ఒక తమ్ముడు ఉంటడు, రియాక్ట్ పని చేస్తడు, ఫ్రీలాన్స్‌ల బ్లాక్‌చెయిన్ పనులు పట్టుదామని చూస్తున్నడు. నేను హార్డ్‌హ్యాట్ 3, ఇగ్నిషన్ అన్న, ఎందుకంటే ఆయన ఫ్రంటెండ్, టెస్టులు, డిప్లాయ్ అన్నీ ఒకే భాషల ఉంటయి, క్లయింటుకు ఇచ్చేటప్పుడు అడ్రసుల ఫైల్‌తోని సహా ఇచ్చెయ్యొచ్చు. "అన్నా ఫౌండ్రీ ఫాస్ట్ కదా" అన్నడు. ఫాస్టే, కానీ నీ క్లయింటు అడిగేది స్పీడు కాదు, ఆర్నెల్ల తర్వాత ఆ కాంట్రాక్టు ఎక్కడుంది అని అడుగుతడు.

హైదరాబాద్‌ల ఉద్యోగం, ముఖ్యంగ ఆడిటింగ్ దిక్కు పోదామనుకునేటోళ్లు ఫౌండ్రీ తప్పకుండ నేర్చుకోవాలె, ఆడిట్ చేసేటోళ్లు చానా మంది దాంట్లనే బగ్ ప్రూఫ్‌లు రాస్తరు, ఫజింగ్ రాకపోతే ఇంటర్వ్యూల మాట ముందుకు పోదు. కానీ "ఫౌండ్రీ మాత్రమే" అని పట్టు పట్టకుండ్రి, కంపెనీలల్ల పాత హార్డ్‌హ్యాట్ కోడ్ మస్తు ఉంటది, రెండు తెలిసినోడికే పని త్వరగ అర్థమైతది.

ఇద్దరు ముగ్గురు కలిసి నిజంగ మెయిన్‌నెట్‌కు పోయే పని చేస్తుంటే నా సలహా రెండూ కలిపి: టెస్టులు ఫౌండ్రీల, డిప్లాయ్ ఇగ్నిషన్‌ల, చూసుకునుడు క్యాస్ట్‌తోని. ఒకే రిపోల రెండు కాన్ఫిగ్‌లు పెట్టుకునుడు మొదటి రోజు చికాకే, కంపైలర్ వెర్షన్, ఆప్టిమైజర్ సెట్టింగ్ రెండుకాడ ఒకటే ఉండాలె, లేకపోతే టెస్ట్ చేసిన బైట్‌కోడ్ (కంపైల్ అయిన కోడ్) ఒకటి, ఎక్కించింది ఇంకోటి అయితది. ఇంత సెటప్ వద్దు అనుకుంటే హార్డ్‌హ్యాట్ 3 ఒక్కటే పెట్టుకోండ్రి, సొలిడిటీ టెస్టులు దాంట్లనే అయితయి.

చిట్టీని ఇగ్నిషన్‌ల రాసుకున్నాక, చూద్దాం అని కావాల్నని చేసిన ఒక పని చెప్త. లిస్టు, టోకెన్ ఎక్కినయి, పాట పోతుంది అనంగ ఫోన్ తీసి హాట్‌స్పాట్ బంద్ చేసిన. ఎర్రర్ కొట్టి ఆగింది. కిందికి పోయి అన్నం తిని, అమ్మతోని ముచ్చట పెట్టి, నలభై నిమిషాలకు మీదికి వచ్చి హాట్‌స్పాట్ ఆన్ చేసి అదే కమాండ్ కొట్టిన. పాత రెండింటినీ ముట్టలే, పాట, ఖజానా రెండే పంపింది. ఈథర్‌స్కాన్ తెరిచి లెక్క పెట్టిన: కాంట్రాక్టులు నాలుగే.